ఇంజను ఎందుకు కాగుతుంది? ఎందుకు అరుస్తుంది?

వేసవిలో అనంతపురం నుంచి ఏ దిక్కుకు బయలుదేరినా, దారిలో ఎక్కడో ఒకచోట బానెట్టు పైకెత్తి నిలిపిన బండి కనిపిస్తుంది. దగ్గర్లో చెట్టుంటే చెట్టు కింద, లేకుంటే బండి నీడలోనే మనుషులు కూర్చొని ఉంటారు. ఒకరు ఖాళీ సీసా పట్టుకొని నీళ్ళకోసం పోయుంటారు. "ఏమైందప్పా?" అని అడిగితే, "బండి కాగిపోయిందన్నా" అంటారు. అంతకుమించి ఎవరికీ ఏమీ తెలియదు. నీళ్ళు పోస్తారు, పోతారు. నలభై మైళ్ళు పోయినాక మళ్ళీ అదే కథ.

"కాగింది" అన్నది జబ్బు పేరు కాదు. జ్వరం లాంటి గుర్తు మాత్రమే. జ్వరం మలేరియా వల్లా రావచ్చు, పుండు చీము పట్టడం వల్లా రావచ్చు. అట్లాగే "ఇంజన్లో ఏదో శబ్దం వస్తాండాది" అన్నదీ ఒక గుర్తే. కారణం తెలుసుకోకుండా మందు వేస్తే ఏమవుతుందో అందరికీ తెలుసు. మెకానికల్ శాఖలో చదివి, అదే శాఖలో చాలా ఏండ్లు పాఠాలు చెప్పిన నాకు, ఈ రెండు గుర్తుల గురించి మన విద్యార్థి మిత్రులకు నాలుగు మాటలు చెప్పాలని ఎప్పటినుంచో ఉంది. ఇంజనీరింగు చదవనివారికి కూడా అర్థమయ్యేట్టు చెప్పడానికి ప్రయత్నిస్తాను.

వేడి ఎక్కడ పుడుతుంది, ఎక్కడికి పోవాలి?

సిలిండరులో పెట్రోలు మండేటప్పుడు మంట వేడి రెండువేల డిగ్రీల సెంటిగ్రేడు దాటుతుంది. పిస్టను చేసిన అల్యూమినియం 660 డిగ్రీలకే కరిగిపోతుంది. మరి పిస్టను కరగకుండా ఎట్లా ఉంది? మంట క్షణకాలమే ఉంటుంది కాబట్టి, లోహానికి తగిలిన వేడిని నూనె, నీళ్ళు వెంటవెంటనే మోసుకుపోతున్నాయి కాబట్టి. వంద రూపాయల పెట్రోలు పోస్తే ఇరవై అయిదో ముప్పయ్యో రూపాయలు మాత్రమే పనిగా మారుతాయి. మిగతాదాంట్లో దాదాపు సగం పొగతో పాటు సైలెన్సరు గుండా పోతుంది. తక్కిన సగాన్ని రేడియేటరు గాలికి అప్పజెప్పాలి. అంటే బండిని నడపడానికి ఎంత శక్తి ఖర్చవుతుందో ఇంచుమించు అంత వేడిని రేడియేటరు బయటికి తోలాలి.

ఈ పనికి ఒక వరస ఉంది. పంపు నీళ్ళను తిప్పుతుంది. నీళ్ళు సిలిండర్ల చుట్టూ, హెడ్డు గుండా తిరిగి వేడెక్కుతాయి. థర్మోస్టాట్ అనే చిన్న తలుపు, చాలా బండ్లలో 82 నుంచి 90 డిగ్రీల మధ్య, తెరుచుకుంటుంది. అప్పుడు నీళ్ళు పై గొట్టం గుండా రేడియేటరుకు పోయి, సన్నని నాళాల్లో చల్లబడి, కింది గొట్టం గుండా మళ్ళీ పంపుకు వస్తాయి. ఫ్యాను గాలిని లాగుతుంది. రేడియేటరు మూత లోపల ఒత్తిడిని నిలబెడుతుంది. ఈ ఆరింటిలో ఏది తప్పినా ముల్లు ఎర్రగీత వైపు పోతుంది. కాబట్టి కాగిన బండి ముందు నిలబడ్డప్పుడు మనం అడగవలసిన ప్రశ్న "నీళ్ళు ఎక్కడ దొరుకుతాయి?" అన్నది ఒక్కటే కాదు, "ఈ వరసలో ఎక్కడ తెగింది?" అన్నది కూడా.

మన పీఠభూమి, మన నీళ్ళు

అనంతపురం సముద్రమట్టానికి సుమారు 335 మీటర్ల ఎత్తున ఉంది. బెంగుళూరు 900 మీటర్ల పైచిలుకు. రాప్తాడు, పెనుకొండ, పాలసముద్రం, కొడికొండ మీదుగా పోయే 44వ నెంబరు జాతీయ రహదారి (2010కి ముందు దీన్నే 7వ నెంబరు అనేవారు) చూడడానికి చదునుగానే ఉంటుంది గాని, మొత్తం మీద ఎక్కుతూనే పోతుంది. ప్రతి 300 మీటర్ల ఎత్తుకు నీళ్ళు మరిగే వేడి సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది. అంటే బండి పైకి పోయేకొద్దీ ఇంజనుకు పని ఎక్కువ, నీళ్ళకు ఓర్పు తక్కువ. ఆ తగ్గిన ఓర్పును మూత తిరిగి ఇస్తుంది. మంచి మూత లోపల బయటికన్నా దాదాపు రెట్టింపు ఒత్తిడి నిలిపి, నీళ్ళు మరిగే వేడిని 115 - 120 డిగ్రీల దాకా పెంచుతుంది. మూత రబ్బరు చీలితే ఆ లాభమంతా పోతుంది. తక్కువ ఖర్చుతో మార్చుకోగలిగిన ఈ మూతను మార్చకుండా, దానికి ఎన్నో రెట్లు ఖరీదు చేసే రేడియేటరును మార్చినవాళ్ళను నేను చూశాను.

ఇక గాలి సంగతి. ఆషాఢమాసంలో మన జిల్లాలో పడమటి గాలి ఎట్లా వీస్తుందో వేరే చెప్పనక్కరలేదు. కళ్యాణదుర్గం నుంచి అనంతపురం వచ్చే బండికి ఆ గాలి వెనుకనుంచి తగులుతుంది. బండి గంటకు 60 కిలోమీటర్లు పోతున్నా, గాలి 30 కిలోమీటర్లతో వెంట వస్తే, రేడియేటరుకు తగిలేది మిగిలిన 30 మాత్రమే. అదే బండి ఎదురుదిక్కుకు పోయేటప్పుడు కాగదు. "పోయేటప్పుడు బాగుండె, వచ్చేటప్పుడు కాగె" అని డ్రైవరు చెబితే నవ్వవలసిన పనిలేదు. అందులో భౌతికశాస్త్రం ఉంది.

దీనికి ఎర్రదుమ్ము తోడు. శెనక్కాయలు ఆడించే రోజుల్లో ట్రాక్టరు రేడియేటరు రెక్కల మధ్య పొట్టు దూరి గోనెపట్టా కప్పినట్టు మూసుకుంటుంది. కార్లలో ఏ.సి. కండెన్సరు, రేడియేటరు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. పైకి శుభ్రంగా కనిపించినా రెంటి మధ్య సందులో దుమ్ము గడ్డకట్టి ఉంటుంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు లోపలివైపు నుంచి బయటికి మెల్లగా నీళ్ళు కొట్టి కడగాలి. సర్వీసు స్టేషను పంపుతో జోరుగా కొడితే రెక్కలు వంగి, ఉన్న దారులు కూడా మూసుకుపోతాయి.

అన్నిటికన్నా పెద్ద చిక్కు బోరు నీళ్ళు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే మన సీమలో మనం లోతు బోర్ల మీద బతుకుతున్నాము. రాళ్ళ సందుల్లో ఏండ్ల తరబడి నిలిచిన ఆ నీళ్ళలో సున్నపు లవణాలు కరిగి ఉంటాయి. స్నానానికి నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లని పొర కడుతుంది చూడండి, అదే పొర ఇంజను లోపలా కడుతుంది. నీళ్ళలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేటు వేడికి విడిపోయి, కరగని కాల్షియం కార్బొనేటుగా లోహానికి అతుక్కుంటుంది. పోత ఇనుముతో పోలిస్తే ఆ పొర గుండా వేడి ప్రవహించేది ఇరవైలో ఒక వంతో, ఇంకా తక్కువో.

ఇక్కడ ఒక చిన్న లెక్క చేద్దాము. లీటరులో 600 మిల్లీగ్రాముల కాఠిన్యం ఉందనుకుందాం. తాగునీటికి భారతీయ ప్రమాణాలు వేరే దారి లేనప్పుడు అనుమతించే గరిష్ఠం ఇది. ఆరు లీటర్లు ఒకసారి నింపితే లోపలికి పోయే లవణం మూడున్నర గ్రాములు. దీనివల్ల పెద్ద ప్రమాదం లేదు. కాని ఎక్కడో కారుతూ ఉంది, దినమూ అరలీటరు పోస్తున్నాము అనుకోండి. ఆవిరైపోయేది నీరే, లవణం లోపలే మిగులుతుంది. దినానికి 0.3 గ్రాము, ఏడాదికి వంద గ్రాములకు పైన! రేడియేటరు సన్ననాళాల్లో గుప్పెడు సున్నం పోసినట్టే. కాబట్టి అసలు శత్రువు మొదట పోసిన నీళ్ళు కావు. మానకుండా కారుతున్న ఆ చిన్న కారుడు, దానికి మనం దినమూ చేస్తున్న ఉపచారం.

"మన ఊళ్ళో మంచు కురవదు గదా, కూలెంటు ఎందుకు?" అని కొందరు అడుగుతారు. కూలెంటులోని గ్లైకాలు గడ్డకట్టకుండా కాపాడడమే కాదు, సగం సగం కలిపితే మరిగే వేడిని 107 డిగ్రీల దాకా పెంచుతుంది, మూత చేసే మేలు దీనికి అదనం. అంతకంటే ముఖ్యం, అందులో తుప్పును ఆపే మందులు ఉంటాయి. ఈనాటి అల్యూమినియం ఇంజన్లకు అవి ప్రాణం. బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటరులో కలిపి వాడండి. దారిలో ఆపద వస్తే ఏ నీళ్ళయినా పోయండి, తప్పులేదు. కాని ఇంటికి చేరినాక అవి తీసేయండి.

ఒక హెచ్చరిక. తీసిన కూలెంటును నేలమీద, కాలవలో పారబోయకండి. అది తియ్యగా ఉంటుంది, విషం. నీటిచుక్క కోసం వెదికే పశువులు, కుక్కలు ఏ గుంట కనిపించినా మూతి పెడతాయి. ఎండకాలంలో మన పల్లెల్లో దీనివల్ల ఒక దూడ చచ్చినా అది మన పాపమే.

కాగిన బండిని ప్రశ్నించే పద్ధతి

మొదటి ప్రశ్న: నీళ్ళు ఉన్నాయా? ఇంజను పూర్తిగా చల్లారినాక చూడాలి. తగ్గితే ఎటు పోయాయి? గొట్టాల కీళ్ళ దగ్గర తెల్లని, పచ్చని మరకలు, పంపు కింద చెమ్మ, కారు లోపల కాళ్ళ దగ్గర తడి వెదకండి. బయట ఎక్కడా కారకుండా నీళ్ళు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానపడాలి. చల్లని ఇంజను స్టార్టు చేసిన నిమిషంలోనే పై గొట్టం రాయిలా బిగుసుకోవడం, ట్యాంకులో ఆగకుండా బుడగలు, వేడెక్కినా తగ్గని తెల్లని పొగ, నూనె మూత కింద మీగడ వంటి పదార్థం - ఇవి దాని సాక్ష్యాలు. ఒక్క సాక్ష్యంతో తీర్పు చెప్పకూడదు. తక్కువ దూరాలు తిరిగే బండిలో మూత కింద కొంచెం మీగడ మామూలుగానే ఉండవచ్చు.

రెండవ ప్రశ్న: ఎప్పుడు కాగుతోంది? క్లాక్ టవరు దగ్గర రద్దీలో నిలబడ్డప్పుడు కాగి, రోడ్డెక్కితే తగ్గుతుంటే, గాలి లోపం. ఫ్యాను, దాని స్విచ్చు, ఫ్యూజు చూడాలి. రద్దీలో బాగుండి రోడ్డు మీద వేగంగా పోయేటప్పుడు కాగితే ఫ్యాను తప్పు కాదు. బండి వేగమే కావలసిన గాలి ఇస్తోంది. అప్పుడు నీళ్ళ ప్రవాహం లోపం: పూడిన రేడియేటరు, అరిగిన పంపు, సగమే తెరిచే థర్మోస్టాటు. ఈ ఒక్క ప్రశ్నతో సగం అనుమానాలు తీరిపోతాయి.

మూడవ ప్రశ్న: వేడి ఎందాక వచ్చింది? పై గొట్టం కాలుతూ, కింది గొట్టం చల్లగా ఉంటే ప్రవాహం నడుమ ఆగిపోయిందన్నమాట. రెండూ ఒకే రకంగా కాలుతుంటే నీళ్ళు తిరుగుతున్నాయి, చల్లబడడం లేదు.

నాలుగవ ప్రశ్న: ఇంజను అనవసరంగా కష్టపడుతోందా? బ్రేకులు పట్టేసుకున్నా, క్లచ్చి జారుతున్నా, ఇగ్నిషన్ టైమింగు వెనకబడినా రేడియేటరు నిర్దోషిగా ఉండి కూడా బండి కాగుతుంది.

దీనికి నాకు తెలిసిన ఉదాహరణ ఒకటి చెబుతాను. మా చిన్నాన్న కొడుకు అప్పుచేసి కారు కొని కదిరి - అనంతపురం మధ్య బాడుగకు తిప్పేవాడు. ఊళ్ళో తిరిగితే బాగుంటుంది. రోడ్డెక్కి పదిమైళ్ళు పోతే కాగుతుంది. ఒక షెడ్డులో థర్మోస్టాటు తీసి పారేశారు. రెండో చోట రేడియేటరు విప్పి కడిగారు. మూడో చోట పంపు మార్చారు. నెల రోజుల బాడుగ పోయింది, హెడ్డు వంగితే దాన్ని చదును చేయించాల్సి వచ్చింది, బ్యాంకు కంతు ఆగింది. ఇంటికి తెచ్చినప్పుడు నేను చేసిందల్లా, వాణ్ణి యాక్సిలరేటరు తొక్కమని, కింద కూర్చొని చూడడమే. ఇంజను జోరందుకోగానే కింది రబ్బరు గొట్టం, పాలు పీల్చే దూడ బుగ్గలాగా లోపలికి అతుక్కుపోయింది. పంపు లాగే జోరుకు, మెత్తబడ్డ గొట్టం మూసుకుపోతోంది. అయిడిలింగులో పంపు మెల్లగా లాగుతుంది కాబట్టి తెరుచుకొనే ఉంటుంది. గొట్టం మార్చినాము, బండి బాగయింది. ఆ మూడు షెడ్లలోనూ పనితనం తెలిసిన మేస్త్రీలే. లోపించింది పనితనం కాదు, "ఎప్పుడు?" అన్న ప్రశ్న.

థర్మోస్టాటు తీసేసే అలవాటు మీద ఒక మాట. "మన ఎండకు ఇది ఎందుకప్పా" అని తీసేస్తారు. దాంతో ఇంజను పొద్దున చాలాసేపు చల్లగా నడిచి, పెట్రోలు ఎక్కువ తాగి, బోరు తొందరగా అరుగుతుంది. కొన్ని ఇంజన్లలో పక్కదారి మూసే పని కూడా దానిదే. అది లేకపోతే నీళ్ళు రేడియేటరుకు పోకుండా పక్కదారినే తిరిగి, బండి మునుపటికన్నా ఎక్కువ కాగుతుంది. అనుమానముంటే దాన్ని దారంతో కట్టి కాగే నీళ్ళలో వేలాడదీయండి. తెరుచుకుంటే మంచిది, లేకుంటే కొత్తది వేయండి.

శబ్దానికీ ఒక భాష ఉంది

శబ్దాన్ని వినేటప్పుడు మూడు సంగతులు గమనించాలి: దాని లయ, దాని బరువు, అది దేనితో మారుతుంది.

ఇంజను అయిడిలింగులో నిమిషానికి 800 చుట్లు తిరుగుతుందనుకుంటే, క్రాంకు షాఫ్టు సెకనుకు 13 సార్లు తిరుగుతుంది. వాల్వులను నడిపే క్యాం షాఫ్టు అందులో సగం వేగంతో, సెకనుకు ఆరేడు సార్లు తిరుగుతుంది. కాబట్టి తేలికగా, తీరిగ్గా "టిక్ టిక్" మనే శబ్దం పైనుంచి వస్తే అది టాపెట్లది. యాక్సిలరేటరుతో వేగం పెరుగుతుంది గాని, బరువు ఎక్కితే పెద్దగా మారదు. ముందు నూనె చూడండి. తర్వాత సందు సరిచేయించండి.

చల్లని ఇంజనులో "డబ్ డబ్" మని బోలుగా వినిపించి, వేడెక్కినాక తగ్గిపోతే పిస్టను ఊగుతోంది. చల్లగా ఉన్నప్పుడు సందు ఎక్కువ, వేడికి పిస్టను వ్యాకోచించి సర్దుకుంటుంది. అరుగుదలకు గుర్తే గాని, ఈ రోజే భయపడవలసింది కాదు.

భయపడవలసింది బరువైన "టక్ టక్". యాక్సిలరేటరు తొక్కితే పెరిగి, వదిలినప్పుడు కూడా గట్టిగా వినిపిస్తే కనెక్టింగ్ రాడ్డు బేరింగు పోతోందన్నమాట. ఇంకా లోతుగా, కాళ్ళకింద అదిరినట్టు వస్తే మెయిన్ బేరింగు. నూనె దీపం ఎర్రగా వెలిగితే మరి ఆలోచించవద్దు, అక్కడే ఆపండి. "ఇంకో అయిదు మైళ్ళే కదా" అన్న మాట ఎన్నో ఇంజన్లను మింగింది.

పెనుకొండ దాటి ఎక్కేటప్పుడు టాపు గేరులో తొక్కితే, డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టు గలగలమంటుంది చూడండి, అది బేరింగు కాదు. మంట ఒకవైపు నుంచి క్రమంగా పాకవలసిన చోట, మిగిలిన మిశ్రమం ఒత్తిడికి, వేడికి తనంతట తానే భగ్గుమంటోంది. గేరు తగ్గించండి, మాయమవుతుంది. ఈనాటి బండ్లలో నాక్ సెన్సారు దీన్ని పసిగట్టి టైమింగును వెనక్కు లాగుతుంది కాబట్టి, శబ్దం బదులు బండి లాగకపోవడమే తెలుస్తుంది.

"కీచు" మంటే బెల్టు, ఏ.సి. వేసినప్పుడు పెరిగితే ఖాయం. గరగరమని విసుర్రాయి తిరిగినట్టుంటే పంపు బేరింగో, ఆల్టర్నేటరు బేరింగో. ఎక్కడిదో తేల్చడానికి పొడుగాటి స్క్రూడ్రైవరు కొన ఒక్కొక్క చోట ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకొని వినండి. డాక్టరు స్టెతస్కోపు పని అదే చేస్తుంది. పంచె కొంగులు, చీర కొంగులు, జడలు, చేతులు ఫ్యానుకు దూరంగా ఉండాలి. ఎలక్ట్రిక్ ఫ్యాను ఇంజను ఆపినాక కూడా హఠాత్తుగా తిరుగుతుంది.

చప్పుడు, వేడి అన్నదమ్ములు

ఈ రెండూ తరచుగా కలిసే వస్తాయి. ఇంజను కాగితే నూనె పలచబడుతుంది, నూనె పలచబడితే టాపెట్లు అరుస్తాయి. ఇంజను కాగితే పైన చెప్పిన గలగల ఎక్కువవుతుంది, ఆ గలగల మళ్ళీ ఇంజనును ఇంకా కాగిస్తుంది. హెడ్డులోంచి గుడగుడ వినిపిస్తే లోపల నీళ్ళు మరుగుతున్నాయి. ఇంకొక మోసం చూడండి: నీళ్ళు మొత్తం పోయినప్పుడు సెన్సారు గాలిలో వేలాడుతుంది, ముల్లు కిందికి పడిపోతుంది. "బండి చల్లబడింది" అని డ్రైవరు సంతోషిస్తాడు. లోపల ఇంజను కాలిపోతుంటుంది. ఎక్కిన ముల్లు హఠాత్తుగా పడితే అది శుభం కాదు.

మూత జోలికి పోవద్దు

ఈ వ్యాసంలో ఒక్క సంగతే గుర్తుంచుకుంటామంటే ఇది గుర్తుంచుకోండి. కాగిన రేడియేటరు మూత తీయకూడదు. లోపలి నీళ్ళు 115 డిగ్రీల దగ్గర, ఒత్తిడి వల్ల మాత్రమే మరగకుండా నిలిచి ఉంటాయి. మూత తీయగానే ప్రతి లీటరులో సుమారు 30 గ్రాములు ఒక్కసారిగా ఆవిరి అవుతుంది. 30 గ్రాముల ఆవిరి దాదాపు 50 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. ఆ ఆవిరి, దానితోపాటు సలసల కాగే నీళ్ళు వంగిన మనిషి ముఖం మీదికే వస్తాయి. కండ్లు పోగొట్టుకోవడానికి అర సెకను చాలు.

ముల్లు ఎక్కుతుంటే ఏ.సి. ఆపండి. హీటరు పూర్తిగా తెరవండి; మనకు ఉక్కపోత, ఇంజనుకు ఊరట. నీడ చూసి ఆపి, ఇంజను ఆర్పండి. కనీసం ముప్పావుగంట ఓపిక పట్టండి. పై గొట్టం నొక్కితే మెత్తగా, చల్లగా ఉన్నప్పుడే మందపు గుడ్డ వేసి మూతను మెల్లగా తిప్పండి. మండే ఇంజనులో చల్లనీళ్ళు గుమ్మరిస్తే హెడ్డు, బ్లాకు పగులుతాయి, కొద్దికొద్దిగా పోయండి.

మద్రాసు గిండీలో 1946లో మొదలై 1948లో ఈ ఊరికి వచ్చిన మన ఇంజనీరింగు కళాశాల ఎన్నో రకాల ఇంజన్లను చూసింది. ఆనాడు దారుల్లో తిరిగిన అంబాసిడరు తయారీ 2014లో ఆగిపోయింది. మన పెనుకొండ దగ్గర ఎర్రమంచిలోనే 2019లో కియా కార్ల ఉత్పత్తి మొదలైంది. ఇప్పుడు ప్రతి షెడ్డులో స్కానరు ఉంది, లోపం నెంబరు తెరమీద చూపిస్తుంది. మంచిదే. కాని స్కానరు "వేడి ఎక్కువైంది" అని మాత్రమే చెబుతుంది. గొట్టం అతుక్కుపోతోందని చెప్పదు. చెప్పేది కన్ను, చెవి, వాటి వెనక ఉన్న ప్రశ్న.

విద్యార్థి మిత్రులారా! ఈ సెలవులకు ఇండ్లకు పోతారు. మీ నాయన ట్రాక్టరో, మీ అన్న బాడుగ కారో, పక్కింటి మామ ఆటోనో వాకిట్లో ఉంటుంది. పొద్దున్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఆటోకైతే నూనె, మిగతావాటికి నూనెతో పాటు నీళ్ళు, గొట్టాలు, బెల్టు ఒకసారి చూడండి. స్టార్టు చేసి, ఏమీ మాట్లాడకుండా రెండు నిమిషాలు వినండి. మన సీమలో ఒక ఇంజను మీద ఒక సంసారం నడుస్తుంది. దాన్ని కాపాడడానికి పెద్ద చదువు అక్కరలేదు. చదివిన చదువు కొంచెం వాడితే చాలు.